పాత డీజిల్ పికప్ కొంటే ఏమేం ఎదురవుతాయి? వాడినవాళ్ళు చెప్పండి

నూజివీడు_తోట · సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాకు నూజివీడు పక్కన ఆరెకరాల మామిడితోట ఉంది, మధ్యలో కొంచెం కూరగాయలు కూడా వేస్తాం. ఏటా సీజన్లో కాయ కోసిన ప్రతిసారీ కిరాయి బండి కోసం ఫోన్లు చేయడం, వస్తానన్న టైముకి వాళ్ళు రాకపోవడం, కోసిన కాయ ఎండలో ఉండిపోవడం, వీటితో నాన్న బాగా విసిగిపోయారు. ఈసారి సొంతానికి ఒక పాత డీజిల్ పికప్ తీసుకుందాం అంటున్నారు. చేతిలో 2,40,000 ఉన్నాయి, లోను జోలికి పోవద్దని పట్టుదల.

రెండు బండ్లు మాటల్లో ఉన్నాయి. ఒకటి 2010 మోడల్, భీమవరం వైపు నుంచి వచ్చిందట, కొత్తగా పెయింటు వేసి ధగధగా మెరిసిపోతోంది, 1,85,000 చెబుతున్నారు. రెండోది 2011 మోడల్, హనుమాన్ జంక్షన్లో ఒక టెంట్ హౌస్ ఆయనది, రంగు వెలిసిపోయింది, తలుపుకి సొట్ట ఉంది, అయినా 2,20,000కి రూపాయి తగ్గనంటున్నాడు. రెండూ రెండున్నర లీటర్ల డీఐ (డీజిల్‌ని నేరుగా సిలిండర్లోకి చిమ్మే) ఇంజన్లే. నాన్నకి మొదటిది నచ్చింది. నేను కారు నడిపాను గానీ ఇలాంటి బండి ఎప్పుడూ చూసుకోలేదు. కొన్నాక ఏడాదికి ఎంత పెట్టాల్సి వస్తుంది, ఏవేవి పోతాయి, ఎలా చూసి కొనాలి, వాడుతున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_మేస్త్రీ · సోమవారం రాత్రి 10:35

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్లో 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా. ముందు ఒక్క మాట. నువ్వు బండికి పెట్టే డబ్బు కొనుగోలు రోజుతో అయిపోదు. 2,40,000 ఉంటే 1,80,000 లోపు బండి చూసుకో, లేదా బండికి 2,20,000 పెడితే రిపేర్లకి కావాల్సిన 60 వేలు ఎక్కడినుంచి వస్తాయో ముందే చూసుకో. మొదటి ఆరునెలల్లో ఆ డబ్బు అడుగుతుంది, నూటికి తొంభై బండ్లు అడుగుతాయి, నా షెడ్డుకి వచ్చేవాళ్ళని చూసి చెబుతున్నా.

ఇక చూసే పద్ధతి. పొద్దున్నే ఆరింటికల్లా వెళ్ళు, వస్తున్నానని ముందు రోజు చెప్పినా కూడా "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని గట్టిగా చెప్పు. వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి వెయ్యి. వెచ్చగా ఉందంటే వాళ్ళు నీకు తెలియకుండా ఏదో దాస్తున్నారన్నమాట. కంప్రెషన్ పోయిన డీజిల్ ఇంజన్ వేడి మీద ఎంత చక్కగా అందుకుంటుందో చల్లగా ఉన్నప్పుడు అంత ఏడుస్తుంది. చల్లటి ఇంజన్ రెండు మూడు సెకన్ల సెల్ఫ్‌లో అందుకోవాలి. మొదట్లో కాసేపు తెల్లపొగ వస్తే భయం లేదు, రెండు నిమిషాల్లో ఆగిపోవాలి. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, బోర్‌కి (సిలిండర్లు మళ్ళీ చెక్కించే పనికి) దగ్గరపడింది. యాక్సిలేటర్ తొక్కినప్పుడల్లా నల్లగా చిమ్ముతుంటే ఎయిర్ ఫిల్టర్ కావచ్చు, డీజిల్ చిమ్మే నాజిళ్ళు కావచ్చు, డీజిల్ పంపు ఎక్కువ తిప్పి ఉండొచ్చు.

తర్వాత ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి దాన్నే బోర్లా పెట్టి చూడు. మూత ఊరికే కూర్చుంటే మంచిది, ఎగిరెగిరి పడుతూ బుస్సుబుస్సుమని ఆవిరి కొడితే రింగులు అరిగాయి, వదిలేసి ఇంటికొచ్చెయ్. డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉందని మాత్రం కంగారుపడొద్దు, డీజిల్లో కొత్త ఆయిల్ పోసిన రోజే నల్లబడుతుంది. కాఫీలో పాలు కలిసినట్టు ఉంటేనే భయం, అది నీళ్ళు కలిసినట్టు, ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్ పగిలింది గానీ దాని కింది గాస్కెట్ పోయింది గానీ.

ఇంజన్ గురించి ఇంత చెప్పాను గానీ ఇంజన్ కంటే ముందు ఆ బండి ఇన్నాళ్ళు ఏం మోసిందో కనుక్కో.

ఆకివీడు_చెరువు · సోమవారం రాత్రి 11:10

మేస్త్రీ గారు ఆఖరున అన్నదే అసలు మాటండి. మాది ఆకివీడు, రొయ్యల చెరువులు. మా వైపు నుంచి వచ్చిన 2010 మోడల్ మీద కొత్త పెయింట్ అంటే నాకు వెంటనే అనుమానం వచ్చిందండి. మా దగ్గర పికప్‌లన్నీ పట్టుబడి రోజున ఐసు, రొయ్యలు ఎక్కించుకుని ప్లాంటుకి వెళ్ళేవే. ఆ ఐసు కరిగి ఉప్పునీళ్ళు దారిపొడుగునా బాడీ సందుల్లోంచి చాసిస్ మీద కారుతూనే ఉంటాయి. వచ్చాక కడిగేవాళ్ళు పైన కడుగుతారు గానీ కింద ఎవరు కడుగుతారండి.

నా సొంత అనుభవం చెప్తాను. 2016లో ఒక బండి కొన్నాను, పైకి చూస్తే పెళ్ళికొడుకులా ఉంది. ఎనిమిది నెలలకి లోడ్ మీద ఉండగా వెనకాల ఏదో కిర్రుమంటోందని కింద దూరి చూశాను. బాడీ కింద అడ్డంగా ఉండే కమ్మీ మీద పెయింటు పొక్కులుగా లేచి ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే ఊరికే పొడిచాను, బిస్కెట్‌లో దిగినట్టు దిగిపోయింది, పిడి దాకా. లోపలి నుంచి ఎర్రటి పొడి నా మొహం మీద పడింది. ఆ కమ్మీ మీదే టన్నున్నర బరువు పెట్టి హైవే మీద తోలుతున్నానని తెలిసి ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. కమ్మీలు మార్చి, బాడీ దించి ఎక్కించేసరికి 48 వేలు అయ్యింది, 19 రోజులు బండి షెడ్డులో.

మీరు వెళ్ళేటప్పుడు ఒక చిన్న సుత్తి పట్టుకెళ్ళండి. చాసిస్ పొడుగునా, ముఖ్యంగా వెనక కమాన్లు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించే చోట్ల మెల్లగా కొట్టండి. టంగుమని మోగితే ఇనుము ఉన్నట్టు, దబ్‌మని మొద్దుగా వస్తే అక్కడ తుప్పు. కింద కూడా కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్త.

జగిత్యాల_డ్రైవర్ · మంగళవారం పొద్దున 6:20

తమ్మీ నేను సౌదీల తొమ్మిదేండ్లు డీజిల్ హైలక్స్ నడిపిన, వాపస్ వచ్చినంక ఈడ పాత పికప్ తీస్కున్న, ఐదేండ్లాయె, మక్కలు పసుపు వడ్లు కొడుతున్న. నాకు సమజైంది ఒక్కటే. పాత డీజిల్ ఇంజన్ను సంపేది కిలోమీటర్లు కాదు, వేడి. ఎడారిల 48 డిగ్రీల ఎండల నడిపిన బండి మూడు లక్షల కిలోమీటర్లు హెడ్ ఇప్పకుండ పోయింది, ఎందుకంటే మా కఫీల్, అంటే పనిల పెట్టుకున్న సేటు, రేడియేటర్ దగ్గర ఒక్క రూపాయి పీనాసితనం చేయకపోయేది. ఈడ మనోళ్ళేమో రేడియేటర్ల బోరింగు నీళ్ళు పోస్తరు. ఆ నీళ్ళల్ల సున్నం రేడియేటర్ నాళాలల్ల పేరుకుంటది, సగం మూస్కపోతయి, గేజు ముల్లు మెల్లగ పైకి పోతాంటది, డ్రైవర్ పాటలు పెట్టుకొని పోతాంటడు, ఎప్పుడో ఒకనాడు హెడ్ లేస్తది.

కొన్న వారంలనే రేడియేటర్ దించి నాళాలు సాఫ్ అయ్యేటట్టు రాడ్ కొట్టించు, థర్మోస్టాట్ ఉన్నదా లేదా సూడు, చాలామంది మెకానిక్‌లు దాన్ని తీసి పారేస్తరు, తియ్యొద్దు. హోస్ పైపులు నాలుగూ కొత్తయి ఎయ్యి, ఫ్యాన్ బెల్టు ఒకటి సీటు కింద ఎక్స్‌ట్రా పెట్టుకో. కూలెంటు డిస్టిల్డ్ వాటర్ల కలిపి పొయ్యి, బోరింగు నీళ్ళు కాదు. మొత్తం ఏడెనిమిది వేలల్ల అయితది, అదే హెడ్ పని అయితే ముప్పై వేలు పైమాటే.

ఇంకోటి, టర్బో ఉన్న బండి అయితే లోడ్ మీద దూరం పోయినంక టక్కున బంద్ చెయ్యకు, ఒక నిమిషం ఐడిలింగ్ల ఉంచు. టర్బో అప్పటికి ఇంక తిరుగుతనే ఉంటది, ఇంజన్ ఆగితే దానికి ఆయిల్ అందదు.

నూజివీడు_తోట · మంగళవారం రాత్రి 8:15

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. సుత్తి సంగతి చదివి నాన్నకి వినిపించాను, ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి "టెంట్ హౌస్ ఆయన్ని ఆదివారం పొద్దున్నే వస్తామని చెప్పు" అన్నారు. ఇంకో డౌటు. కాగితాల పరంగా ఏం చూడాలి? బండికి 15 ఏళ్ళు దాటితే నడపనివ్వరు అని మా ఊళ్ళో ఒకాయన భయపెడుతున్నాడు, నిజమేనా? నాకున్నది మామూలు ఎల్ఎంవి (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సు, అది సరిపోతుందా?

కాగితాల_పని · మంగళవారం రాత్రి 9:40

నేను ఆర్టీవో పనులు చేసిపెడుతుంటాను, తెలిసింది చెబుతాను. పదేళ్ళ డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కలవి. మన రెండు రాష్ట్రాల్లో వయసు చూసి ఆపే రూలు లేదు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అనే ఎఫ్‌సీ పాసైనంతకాలం తిప్పుకోవచ్చు. అయితే సరుకు బండికి ఎనిమిదేళ్ళు దాటాక ఎఫ్‌సీ ఏటా చేయించాలి, రెండేళ్ళకోసారి కాదు. 15 ఏళ్ళు దాటాక ఫీజు చాలా ఎక్కువ, కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి పెంచింది, మీ 2011 బండికి ఆ ఖర్చు వస్తుంది కాబట్టి ఇప్పటి రేటు ఎంతో ఆఫీసులో కనుక్కుని దాన్ని బండి ధరలో కలిపి లెక్కేసుకోండి. గ్రీన్ ట్యాక్స్ కూడా పాత బండికి ఉంటుంది.

అందరూ షాక్ అయ్యేది ఇన్సూరెన్స్ దగ్గర. సొంత పొలానికే వాడినా అది సరుకు బండి, పసుపు బోర్డు. 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి థర్డ్ పార్టీ ఒక్కటే 16,049 రూపాయలు, 2022లో నోటిఫై చేసిన రేటు, జీఎస్టీ వేరే. కారుకి కట్టినంతే అనుకుని వస్తారు, కౌంటర్ దగ్గర మొహం మారిపోతుంది.

లైసెన్సు గురించి భయం వద్దు. 7,500 కిలోలు మించని రవాణా బండిని ఎల్ఎంవి లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్లో తేల్చేసింది.

బండి నంబర్ పరివాహన్ యాప్‌లో కొట్టి ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, ట్యాక్స్, ఫైనాన్స్ నాలుగూ చూడండి. ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా కనబడుతుంటే "ఎప్పుడో కట్టేశానండి" అన్న మాట నమ్మొద్దు, లోను తీరిందని కంపెనీ ఇచ్చే ఫామ్ 35, ఎన్ఓసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. బండి మీ పేరుకి మారడానికి 29, 30 ఫామ్‌ల మీద సంతకాలు అదే రోజు. పెండింగ్ చలానాలు కూడా చూసుకోండి. ఇంకా ముఖ్యమైంది, చాసిస్ మీద కొట్టిన నంబర్‌ని గుడ్డతో తుడిచి మీ కళ్ళతో ఆర్సీతో పోల్చండి. ఒక అంకె అటూఇటూ ఉన్నా, చుట్టూ గ్రైండింగ్ చేసినట్టున్నా అక్కడితో ఆపేయండి.

పంపుషాపు_బాబాయ్ · బుధవారం ఉదయం 11:05

నేను డీజిల్ పంపులు, నాజిళ్ళ పని చేస్తాను. అబ్బాయి అడిగిన వయసు బండ్లలో మెకానికల్ పంపు ఉంటుంది, అది పెద్ద అదృష్టం. 2017 ఏప్రిల్లో దేశమంతా బీఎస్4 పొగ నిబంధనలు వచ్చాక పికప్‌లన్నీ దాదాపు కామన్ రైల్‌కి మారాయి. కామన్ రైల్ అంటే కంప్యూటర్ నడిపించే డీజిల్ సిస్టం, దాంట్లో వెయ్యి బార్లు దాటిన ప్రెషర్, సెన్సర్లు, స్కానర్ లేకుండా చెయ్యి పెట్టలేం. మెకానికల్ నాజిల్ 200, 250 బార్ల దగ్గర తెరుచుకుంటుంది, ప్రతి టౌన్లోనూ టెస్టింగ్ బెంచ్ ఉన్న పంపు షాపు ఉంటుంది, పొద్దున ఇస్తే సాయంత్రానికి అయిపోతుంది. మా దగ్గర నాలుగు నాజిళ్ళు మార్చి ప్రెషర్ సెట్ చేస్తే ఆరేడు వేలు, పంపు పూర్తిగా విప్పి చేస్తే 15 వేల చుట్టుపక్కల.

చాలామంది అడుగుతారు, ఇప్పుడొచ్చే డీజిల్లో సల్ఫర్ తక్కువ కదా, పాత పంపు ఎండిపోతుందా, టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్లకి పోసేది) కలపాలా అని. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్లో సల్ఫర్ 50 నుంచి 10 పీపీఎంకి తగ్గిన మాట నిజం. అయితే పంపు లోపల జారుడు కోసం కంపెనీలే రిఫైనరీ స్థాయిలో మందు కలుపుతాయి. నా బెంచ్ మీదికి వచ్చిన పాడైన పంపుల్లో సల్ఫర్ తగ్గి పాడైంది నేను చూడలేదు. నేను చూసింది నీళ్ళు, తుప్పు. రోటరీ పంపుకి డీజిలే లూబ్రికేషన్, దాంట్లో నీళ్ళు చేరితే లోపల ప్లంజర్ మీద గీతలు పడతాయి. కాబట్టి డీజిల్ ఫిల్టర్ కింద ఉండే చిన్న కుళాయి వారానికోసారి విప్పి అరగ్లాసు డీజిల్ గాజు సీసాలోకి దించి చూడు. నీళ్ళుంటే అడుగున ముత్యాల్లా చేరతాయి. వానాకాలంలో ట్యాంకు సగం ఖాళీగా వదలొద్దు, రాత్రి చెమ్మ లోపల నీళ్ళవుతుంది.

మదనపల్లె_టమాట · బుధవారం రాత్రి 10:50

బాబాయ్ చెప్పింది నిజం గానీ నేను మాత్రం ట్యాంకులో వంద లీటర్లకి అరలీటరు టూటీ కలపతాండా, పంపు శబ్దం నున్నగైందని నాకనిపిస్తాది, నష్టమైతే కనపళ్ళే.

అన్నా నువ్వు బండి కొన్నాక మొదట నేర్చుకోవాల్సింది డీజిల్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయడం. నాది 2008 బండి, కొన్న కొత్తల్లో టమాట వేసుకోని చెన్నైకి పోతాండాము, పలమనేరు దాటినాక ఘాట్లో రాత్రి ఒంటిగంటకి బండి దగ్గి దగ్గి ఆగిపోయె. డీజిల్ గేజు పంజేయదని అమ్మినాయప్ప చెప్పలేదు, ట్యాంకు ఎండిపోయింది. ఒక లారీ ఆయప్ప అయిదు లీటర్లు ఇచ్చినాడు, పోసినా, సెల్ఫ్ కొడితే తిరగతాది గానీ అందుకోదు. బ్యాటరీ దిగిపోతాదని ఆ లారీ డ్రైవరే నా చెయ్యి పట్టుకోని ఆపినాడు. "ఎయిర్ తీసుకునింది రా, సెల్ఫ్ కొట్టి కొట్టి దాన్ని చంపొద్దు" అన్యాడు.

సెల్ ఫోన్ లైటు నోట్లో పెట్టుకోని చూపిచ్చినాడు. ఫిల్టర్ మింద బటన్ మాదిరి చేతి పంపు ఉంటాది. పక్కన పది నంబర్ స్పానర్ పట్టే చిన్న బోల్టు, దాన్ని రెండు చుట్లు లూజు చేసి బటన్ని నొక్కతా ఉంటే మొదట బుస్సుమని గాలి, తర్వాత తెల్లగా నురగ, నురగలో బుడగలు, అట్లే యాభై అరవై సార్లు నొక్కినాక బుడగ లేకుండా పచ్చగా సన్నగా డీజిల్ ధార వచ్చింది. "ఇప్పుడు బిగించు" అన్యాడు. ఆ తర్వాత ఒక నాజిల్ పైపు నట్టు లూజు చేసి సెల్ఫ్ కొట్టమన్యాడు, చిటుక్ చిటుక్ అని డీజిల్ చిమ్మింది, బిగిచ్చినాడు. మళ్ళా సెల్ఫ్ కొడితే దడదడమని అందుకునింది. నా చేతులు మోచేతుల దాకా డీజిల్, కండ్లలో నీళ్ళు. తెల్లారి మార్కెట్ అందుకున్యాం. ఆయప్ప పేరు కూడా నేను అడగలేదు, ఈరోటికీ బాధే.

ఆ పది నంబర్ స్పానర్ ఇప్పటికీ డాష్‌బోర్డులోనే ఉండాది.

ఖమ్మం_మిర్చి · గురువారం పొద్దున 7:30

అందరూ మంచిమంచి మాటలు చెప్పిన్రు గానీ రెండో వైపు కూడా చెప్పాలె. నేను పాత పికప్ మూడేండ్లు నడిపి పోయినేడు అమ్మేసిన, కొత్తది ఫైనాన్స్‌ల తీస్కున్న. ఎందుకంటే నాది కిరాయి పని. మిర్చి సీజన్‌ల రోజూ మార్కెట్‌కు లోడ్ ఉంటది. పాత బండి నెలల రెండు రోజులు ఆగినా నాకు గిరాకీ పోతది, ఒక్కసారి వేరే బండి ఎక్కిన రైతు మళ్ళ నాకు ఫోన్ చెయ్యడు. రిపేర్‌కు పెట్టిన డబ్బుల కంటే ఆగిపోయిన రోజులే నన్ను ముంచినయ్. మూడేండ్లల్ల ఒకసారి క్లచ్, ఒకసారి గేర్‌బాక్స్ బేరింగులు, సెల్ఫ్ మోటర్ రెండుసార్లు, కమాన్ పట్టీ రెండుసార్లు విరిగింది. ఒక్కొక్కటి చూస్తే చిన్నయే.

సొంత తోటకు, నెలకు ఎనిమిది పది ట్రిప్పులకు అయితే పాతదే కరెక్ట్, ఈఎంఐ ఉండదు, ఆగినా ఒకరోజు ఆగొచ్చు. రోజూ కిరాయి మీద బతికేటోడు మాత్రం పాత బండిని నమ్ముకోవద్దని నా మాట.

ఆటోనగర్_మేస్త్రీ · గురువారం మధ్యాహ్నం 2:10

ఖమ్మం అన్న చెప్పినదాంతో ఏకీభవిస్తా. పాత బండి ఉన్నట్టుండి పెద్దగా ఏమీ చేయదు, చిన్నచిన్నవి వరసగా అడుగుతుంది. ఒకేసారి అన్నీ చేయించేస్తే ఆ వరస కొంత తెగుతుంది, అందుకే 60 వేలు అన్నా.

కమాన్ల గురించి ఒక మాట. లోడ్ చాలక విరగవు, ఎక్కువై విరుగుతాయి. టన్నుంపావు, టన్నున్నరకి తయారైన బండి మీద మూడు టన్నులు వేసి, ఇంకో రెండు పట్టీలు ఎక్స్‌ట్రా వేయించుకుంటారు. పట్టీలు తట్టుకుంటాయి, కానీ ఆ బరువంతా హౌసింగు, చక్రాల బేరింగులు, బ్రేకులు మోయాలి కదా, అవి ఎవరూ పెంచరు. కొనే బండికి వెనక కమాన్ పట్టీలు లెక్కపెట్టు, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ ఉంటే ఆ బండి గొడ్డుచాకిరీ చేసిందని అర్థం.

లంబసింగి_కాఫీ · గురువారం రాత్రి 9:00

మాది లంబసింగి దగ్గరండి, డిసెంబర్లో ఇక్కడ చలి అందరికీ తెలుసు. నూజివీడులో మీకు ఇది అవసరం పడదేమో గానీ కొండ మీద చదివేవాళ్ళ కోసం రాస్తున్నా. డీఐ ఇంజన్ కంప్రెషన్ బాగుంటే మా చలిలో కూడా హీటర్ ప్లగ్ లేకుండానే అందుకుంటుంది, కాకపోతే బ్యాటరీ బలంగా ఉండాలి. డీజిల్‌ని పక్క గదిలోకి చిమ్మే పాత ఐడీఐ ఇంజన్లకైతే హీటర్ ప్లగ్‌లు పనిచేయాలి, ఒకటి పోయినా మూడింటి మీద స్టార్ట్ అయ్యి తెల్లపొగ కక్కుతూ వణుకుతుంది. ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు మాత్రం చేసుకోకండి, హీటర్ ప్లగ్ ఎర్రగా ఉన్నప్పుడు అది కొడితే లోపల పేలినట్టు మండి పిస్టన్లు పగులుతాయి.

నర్సీపట్నం దిగేటప్పుడు లోడ్ మీద బ్రేకు తొక్కుతూ దిగితే సగం దారిలోనే డ్రమ్ములు కాలి కమురు వాసన వస్తుంది. ఏ గేర్లో ఎక్కుతామో అదే గేర్లో దిగాలని మా నాన్న చెప్పేవారు.

టెక్సాస్_తెలుగు · శుక్రవారం పొద్దున 5:45

డల్లాస్ దగ్గర ఉంటానండి, మాది తెనాలి. ఇక్కడ కూడా సరిగ్గా ఇదే చర్చ జరుగుతుంటుంది, బండ్ల సైజు మాత్రం వేరు. నా దగ్గర 1997 మోడల్ డాడ్జ్ రామ్ ఉంది, 5.9 లీటర్ల కమ్మిన్స్, 12 వాల్వుల మెకానికల్ పంపు ఇంజన్. 1998లో 24 వాల్వులకి, ఎలక్ట్రానిక్ పంపుకి మారిపోయింది, అందుకే పాతదానికే ఇప్పటికీ గిరాకీ. ఇంజన్‌కి ఆయిలు, ఫిల్టర్లు తప్ప నేనేమీ పెట్టలేదు. పెట్టిందంతా పాతికేళ్ళు దాటిన రబ్బరుకి. డీజిల్ రిటర్న్ పైపులు, బుష్‌లు, బ్రేకు హోస్‌లు, సీళ్ళు. ఇంజన్ గట్టిదని అందరూ కొంటారు, ఇంజన్ చుట్టూ ఉన్న రబ్బరు కూడా అంతే పాతదని ఎవరూ లెక్కేసుకోరు. బ్రేకు హోస్ పైపులు వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే ఇంటికి తెచ్చుకునే ముందే మార్చండి.

నూజివీడు_తోట · ఆదివారం మధ్యాహ్నం 1:30

చూసొచ్చామండి. పొద్దున్నే ముందు నాన్న మాట కోసం భీమవరం బండి దగ్గరికే వెళ్ళాం, అది ఇక్కడే ఏలూరులో పెట్టారు. సుత్తి తీయగానే అమ్మే ఆయన "అదెందుకండీ" అన్నాడు. ఎడమ పక్క వెనక కమాన్ షాకిల్ దగ్గర మొద్దు శబ్దం వచ్చింది, గీరితే కొత్త నల్లరంగు కింద పొరలు పొరలుగా లేచింది. నాన్న తన చేత్తోనే ఒక పొర ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపి చూసి, వెళ్దాం పద అన్నారు.

టెంట్ హౌస్ బండి చల్లగానే ఉంది, ఆయన స్టార్ట్ చేయకుండా మాకోసం ఆగాడు. మూడో సెకనుకి అందుకుంది. ఆయిల్ మూత కొంచెం వణికింది గానీ ఎగరలేదు. చాసిస్ మొత్తం టంగుమంది. లోపల మడతపెట్టిన షామియానా ఇంకా ఉంది. పట్టీలు కంపెనీవే, ఎక్స్‌ట్రా లేవు. టెంట్ సామాను బరువు తక్కువే కదా. ఫైనాన్స్ లేదు, ఎఫ్‌సీ ఇంకో నాలుగు నెలలుంది.

రెండు లోపాలు కనబడ్డాయి. ఫ్లైఓవర్ మీద మూడో గేర్లో తొక్కితే ఇంజన్ సౌండు పెరుగుతోంది గానీ బండి అంతగా లాగట్లేదు. రెండోది బ్రేకు పెడల్ రాయిలా గట్టిగా ఉంది, రెండు కాళ్ళతో తొక్కాలేమో అనిపించింది, "ఈ బండ్లు ఇంతే" అన్నాడాయన. ఇంతేనా?

ఆటోనగర్_మేస్త్రీ · ఆదివారం మధ్యాహ్నం 2:05

కాదు, ఈ బండ్లు అలా ఉండవు. మొదటిది క్లచ్ జారుతోంది, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు సెట్టు మార్చాలి. రెండోది ముఖ్యం, జాగ్రత్తగా చదువు. పెట్రోల్ ఇంజన్ పీల్చుకునే గాలితోనే, పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేకు బూస్టర్‌కి వాక్యూమ్ వస్తుంది, డీజిల్‌కి అలా రాదు, దానికి వేరే వాక్యూమ్ పంపు ఉంటుంది. ఈ బండ్లలో అది డైనమో వెనకాల బిగించి ఉంటుంది, ఇంజన్ ఆయిలే దానికి సన్నపైపులో వెళ్తుంది. పంపు అరిగినా, పైపు పగిలినా పెడల్ రాయి అవుతుంది. ఇంజన్ నడుస్తుండగా బూస్టర్ దగ్గర పైపు పీకి బొటనవేలు అడ్డం పెట్టు, గట్టిగా లాక్కోవాలి. లాక్కుంటే బూస్టర్ పోయింది, లాక్కోకపోతే పంపో పైపో. అది బాగయ్యేదాకా లోడ్ మాత్రం వేయొద్దు, ఇంటికి తెచ్చుకున్నా ఖాళీగా, మెల్లగా. ఈ రెండూ చూపించి 20 వేలు తగ్గించమను.

నూజివీడు_తోట · నాలుగున్నర నెలల తర్వాత, శుక్రవారం రాత్రి 8:40

మళ్ళీ వచ్చానండి, ఆలస్యానికి క్షమించండి, సీజన్లో తీరిక దొరకలేదు. వేలు పెడితే లాక్కోలేదు, వాక్యూమ్ పంపే. ఆయన 12 వేలు తగ్గించాడు, 2,08,000కి తీసుకున్నాం. ఇప్పటిదాకా పెట్టింది రాస్తున్నా, తర్వాత కొనేవాళ్ళకి పనికొస్తుంది. క్లచ్ సెట్టు కూలితో 8,200. వాక్యూమ్ పంపు, ఆయిల్ పైపు 4,600. రేడియేటర్ రాడ్డింగు, హోస్‌లు, కూలెంటు 7,100. వెనక రెండు టైర్లు 11,400. బ్యాటరీ 5,800. ఆయిలు, ఫిల్టర్లు అన్నీ, గ్రీజు 4,300. బ్రేకు హోస్‌లు, లైనింగులు 3,900. ఇన్సూరెన్స్ విడిగా. పోయిన వారం ఎఫ్‌సీకి ముందు లైట్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, చిన్న టింకరింగు 5,500, ఫీజు వేరే. మేస్త్రీ గారు చెప్పిన 60 వేలు ఇన్సూరెన్స్, ఫీజులు కలిపితే దాటిపోయింది. నాన్న లోను తీసుకోలేదు గానీ ఆ డబ్బు అమ్మ చీటీలోంచి వచ్చింది.

ఖాళీగా లీటరుకి 13 దాకా, లోడ్ మీద 10, 11 ఇస్తోంది. సీజన్లో 34 ట్రిప్పులు వేశాం, ఒక్క కాయ కూడా ఎండలో ఉండిపోలేదు. నాన్న రోజూ పొద్దున్నే డిప్ స్టిక్ తీసి పంచె కొంగుకి తుడిచి చూస్తున్నారు, అమ్మ పంచెలన్నీ నల్లబడుతున్నాయంటోంది. మదనపల్లె అన్నా, నేనూ పది నంబర్ స్పానర్ డాష్‌బోర్డులో పెట్టుకున్నా, ఎయిర్ తీయడం ఇంటి దగ్గరే రెండుసార్లు ప్రాక్టీసు చేశా.

ఒకటి మాత్రం కొత్తగా మొదలైంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఒక అర నిమిషం టకటకమని గట్టిగా శబ్దం, వేడెక్కాక పూర్తిగా పోతుంది. ఆయిల్ లెవెల్ కరెక్టుగా ఉంది. ఇది నాజిలా, వాల్వులా?

ఆటోనగర్_మేస్త్రీ · శుక్రవారం రాత్రి 9:25

రెండూ కావచ్చు, వినకుండా చెప్పను తమ్ముడూ. వాల్వ్ క్లియరెన్స్ పెరిగినా అలాగే వస్తుంది, అదైతే గంట పని. నువ్వు పొద్దున బండి వేసుకుని వస్తే ఇక్కడికొచ్చేసరికి ఇంజన్ వేడెక్కి శబ్దం పోతుంది. అందుకని శనివారం రాత్రే తెచ్చి షెడ్డులో పెట్టు, నాన్నగారిని కూడా తీసుకురా, మా ఇంట్లో పడుకుందురు. ఆదివారం ఆరింటికి చల్లటి ఇంజన్ మీద విందాం.